ఫైటర్ పైలట్ జీవితాన్ని పుస్తకంగా రాయించాలంటే లాగ్‌బుక్ దగ్గర మొదలుపెట్టండి

మీ ఇంట్లోనో మీ అపార్ట్‌మెంట్‌లోనో యుద్ధ విమానం నడిపి పతకం అందుకున్న పెద్దాయన ఉంటే, ఆయన జీవితాన్ని పుస్తకంగా రాయించే పని ఇంక వాయిదా వెయ్యకండి. 1971లో ఇరవై రెండేళ్ల కుర్రాడిగా కాక్‌పిట్ ఎక్కినవాళ్లకి ఇప్పుడు డెబ్భై అయిదు దాటాయి, 1965లో ఎగిరినవాళ్లకి ఎనభై దాటాయి. విశాఖలో ఇలాంటివాళ్లు మనం అనుకున్నదానికంటే ఎక్కువమందే ఉన్నారు. తూర్పు నౌకాదళం ఇక్కడే కాబట్టి నేవీలో చేసి ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాళ్లు కొందరు, ఎయిర్‌ఫోర్స్‌లో దేశమంతా తిరిగి చివరికి శ్రీకాకుళమో విజయనగరమో దగ్గరగా ఉంటుందని ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఫ్లాటు కొనుక్కున్నవాళ్లు కొందరు. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో మన పక్కనుంచే నడిచి వెళ్తారు, మనకి తెలీదు. వాళ్లు రాసుకున్నది కూడా చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటుంది, సొంతూళ్లో ఉన్న అన్నదమ్ముల పిల్లలకి అది చేరదు. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది.

ఇలాంటి పుస్తకాలకి రికార్డింగులు విని రాసిపెట్టడం, ప్రూఫులు చూడటం నేను చాలాకాలంగా చేస్తున్నాను. అందులో నాకు గట్టి నమ్మకం కుదిరిన విషయం ఒకటుంది, మిగతావన్నీ దాని చుట్టూనే చెప్తాను. పుస్తకాన్ని పతకం దగ్గర మొదలుపెట్టకండి, లాగ్‌బుక్ దగ్గర మొదలుపెట్టండి.

పతకం సంగతి

పతకం వచ్చిన రోజు కథ ఆయన ఇప్పటికే ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. పెళ్లిళ్లలో, స్కూలు ఫంక్షన్లలో, ఆగస్టు 15న కాలనీ జెండా దగ్గర. చెప్పీ చెప్పీ ఆ కథ గట్టిపడిపోయి ఉంటుంది, ఎక్కడ ఆగాలో ఎక్కడ గొంతు పెంచాలో కూడా ఖాయమైపోయి ఉంటుంది. మీరు రికార్డర్ ఆన్ చేసి "వీర చక్ర ఎలా వచ్చింది తాతయ్యా" అని అడిగితే మళ్లీ ఆ కథే వస్తుంది. సైటేషన్, అంటే పతకం ఎందుకిచ్చారో చెప్పే కాగితం, చదివినా అంతే, అది వేరేవాళ్లు ఆఫీసు భాషలో రాసిన కొద్ది లైన్లు. ఇరవై ఏళ్లు ఎగిరిన మనిషి జీవితంలోంచి ఒక అరగంటని తీసి చెప్తుంది, ఆ అరగంటకి ఆయన ఎలా తయారయ్యారో చెప్పదు. పుస్తకం చెప్పాల్సింది సరిగ్గా అదే.

అయినా పతకం వివరాలు మాత్రం కచ్చితంగా రాసిపెట్టుకోండి, కుటుంబాలు తడబడేది ఇక్కడే. యుద్ధంలో శత్రువు ఎదురుగా చూపిన సాహసానికి ఇచ్చేవి పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర. ఈ మూడింటినీ 1950 జనవరి 26న ప్రకటించి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా పెట్టారు. శత్రువు ఎదురుగా లేని సందర్భంలో చూపిన సాహసానికి అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర ఉన్నాయి. వాయుసేనా మెడల్, నౌసేనా మెడల్ సాహసానికీ ఇస్తారు, విధి నిర్వహణకీ ఇస్తారు, మీ పెద్దాయనకి ఏది ఎందుకు వచ్చిందో కాగితం చూసే రాయండి. విశిష్ట సేవా మెడల్, అతి విశిష్ట సేవా మెడల్ మళ్లీ వేరు, అవి సేవకి ఇచ్చేవి, వాటిని "శౌర్య పతకం" అని అట్ట మీద వేస్తే ఆయన తోటివాళ్లు మొదటి చూపులోనే పుస్తకం పక్కన పెట్టేస్తారు. సైటేషన్ల కోసం రక్షణ శాఖ నడిపే గ్యాలంట్రీ అవార్డ్స్ వెబ్‌సైట్‌ చూడొచ్చు, పతకాల ప్రకటన భారత గెజిట్‌లో కూడా వస్తుంది. ఆ కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకుని, ఇంక దాన్ని కొన్నాళ్లు మర్చిపోండి.

లాగ్‌బుక్

పైలట్ ప్రతి ఒక్కరి దగ్గరా లాగ్‌బుక్ ఉంటుంది. తేదీ, విమానం రకం, దాని నంబరు, ఎవరు నడిపారు, ఏ పని మీద వెళ్లారు, పగలు ఎంతసేపు, రాత్రి ఎంతసేపు, ఇవన్నీ వరసగా ఉంటాయి. నెల చివర మొత్తం గంటలు కూడి పై అధికారి సంతకం పెట్టి ఉంటుంది. చాలా ఇళ్లలో ఇది ట్రంకు పెట్టె అడుగున పాత యూనిఫాం కింద ఉంటుంది, మన సముద్రపు గాలి తేమకి కాగితాలు ఒకదానికొకటి అంటుకుని కూడా ఉండొచ్చు. బలవంతంగా విడదీయకండి. ఎండలో పెట్టకండి, నీడలో ఫ్యాను గాలికి ఆరనిచ్చి ఒక్కో పేజీ తిప్పుతూ ఫోన్‌తో ఫొటో తీయండి. ప్రతి పేజీకీ నాలుగు మూలలూ కనబడాలి. తీసిన ఫొటోలు ఫోన్లోనే వదిలెయ్యకుండా ఇంకో రెండు చోట్ల పెట్టండి.

తర్వాత ఒక ఎక్సెల్ షీటు తీసుకుని నెలల వారీగా ఎక్కించండి. విసుగొచ్చే పనే, ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే వాళ్లకి ఇవ్వండి, వాళ్లకీ తాతగారి మీద ఒక కొత్త ఆసక్తి పుడుతుంది. ఈ షీటు చేతికొచ్చాక ఏం అడగాలో మీరు వెతుక్కోనక్కర్లేదు, లాగ్‌బుక్కే అడిగిస్తుంది. రోజూ రెండు సార్టీలు (ఒకసారి ఎగిరి దిగితే ఒక సార్టీ) ఎగిరిన మనిషి ఉన్నట్టుండి మూడు వారాలు ఖాళీగా ఉన్నారు, ఎందుకు? జ్వరమా, పెళ్లా, ఎంక్వైరీయా, పాప పుట్టిందా? అందరూ గంట ఎగిరిన రోజున ఈయన పన్నెండు నిమిషాల్లో దిగిపోయారు, ఏమైంది? ఒకే విమానం నంబరు పదే పదే కనబడి తర్వాత మాయమైంది, దానికేమైంది? "ఏమీ లేదురా, హైడ్రాలిక్స్ పోయింది, వచ్చేశాను" అని ఆయన తేలిగ్గా తీసిపారేస్తారు. సరిగ్గా అక్కడే మీరు ఆగాలి. బ్రేకులు సరిగా పనిచేయని విమానాన్ని రన్‌వే మీద దింపిన సాయంత్రం ఇంటికొచ్చి ఏం తిన్నారు, ఇంట్లో చెప్పారా లేదా? ఆ జవాబు సైటేషన్‌లో దొరకదు.

ఈ వరస వల్ల ఇంకో మేలు ఉంది. ట్రైనింగ్ రోజులు పుస్తకంలో వాటికి తగ్గ చోటు తెచ్చుకుంటాయి. మన తెలుగు పాఠకులకి దుండిగల్ అకాడమీ పేరు తెలుసు, హకీంపేట తెలుసు, బీదర్ తెలుసు. ఒక పల్లెటూరి కుర్రాడు మొదటిసారి అక్కడికి ఎలా చేరాడు, ఇంగ్లీషు ఎలా నెట్టుకొచ్చాడు, మెస్‌లో ఫోర్కుతో తినడం ఎవరు నేర్పారు, మొదటి సోలో రోజు ఇన్‌స్ట్రక్టర్ దిగిపోయి వెనక సీటు ఖాళీ అయినప్పుడు విమానం తేలికైనట్టు ఎలా తెలిసింది, తనతో చేరినవాళ్లలో ఎవరు వెనక్కి వెళ్లిపోయారు, ఇవన్నీ మన ఊరి పదో తరగతి పిల్ల చదివితే తనకీ దారి కనబడే పేజీలు. ఇక్కడ పేజీలు పొదుపు చెయ్యకండి.

మాట్లాడించడం

పొద్దున పూట కూర్చోండి, టిఫిన్ అయ్యాక. ఒక విడతకి ముప్పావుగంట చాలు. ఫ్యాను ఆపెయ్యండి, బాల్కనీ తలుపు వేసెయ్యండి, సముద్రం వైపు ఇల్లయితే గాలి హోరు రికార్డింగ్‌ని పాడుచేస్తుంది. ఫోన్ ఆయన ఛాతీకి దగ్గరగా, టేబుల్ మీద గుడ్డ వేసి పెట్టండి. ఫైల్‌కి తేదీ, విషయం పేరు పెట్టండి, లేకపోతే నెల తర్వాత ఏ ఫైల్లో ఏముందో మీకే తెలీదు. ఫోన్‌లో వాయిస్ టైపింగ్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, తెలుగూ ఇంగ్లీషూ హిందీ కలిపి మాట్లాడే మనిషి మాటని అది సరిగ్గా పట్టుకోదు, "స్క్వాడ్రన్" అంటే ఇంకేదో రాస్తుంది. విని చేత్తో టైపు చెయ్యడమే నమ్మకమైన పద్ధతి.

"భయమేసిందా?" అని అడగొద్దు. ఈ ప్రశ్నకి పైలట్లు అందరూ ఒకే జవాబు చెప్తారు, ఆ టైంలో భయపడే తీరిక ఉండదని. నిజమే, కానీ దాంతో సంభాషణ అయిపోతుంది. చేతుల గురించి అడగండి, కళ్ల గురించి అడగండి. కుడిచేయి ఎక్కడుంది, ఎడమచేయి ఎక్కడుంది, ముందు ఏం చూశారు, రేడియోలో ఎవరి గొంతు వినబడింది, సీటులో కూర్చోబెట్టి బెల్టులు బిగించిన ఎయిర్‌మన్ పేరేంటి. ఈ చివరి ప్రశ్న నేను ఎప్పుడూ వదలను. విమానాన్ని రాత్రంతా మేల్కొని సిద్ధం చేసిన గ్రౌండ్ క్రూ పేర్లు ఏ పతకం కాగితంలోనూ ఉండవు, పైలట్‌కి మాత్రం గుర్తుంటాయి, పుస్తకంలోకి రావాలి. నేల మీద రాడార్ ముందు కూర్చుని దారి చెప్పిన కంట్రోలర్ సంగతీ అంతే.

శరీరం గురించి అడిగితే మాత్రం చాలా దొరుకుతుంది. మామూలు పాఠకుడికి జీ అంటే ఏమిటో తెలీదు. విమానం గట్టిగా తిరిగినప్పుడు 6 జీ పడితే 60 కిలోల మనిషి 360 కిలోల బరువుతో సీటుకి అదిమేసినట్టవుతాడు, రక్తం తల నుంచి కాళ్లలోకి దిగిపోతుంది, ముందు రంగులు పోతాయి, తర్వాత చూపు చుట్టూ నుంచి చీకటి మూసుకొస్తుంది, ఇంకా లాగితే స్పృహే పోతుంది. అందుకే కాళ్లనీ పొట్టనీ గాలితో బిగించే జీ సూట్ వేసుకుంటారు, పొట్ట కండరాలు బిగబట్టి ఊపిరి ఒక లెక్కలో తీస్తారు. ఇది ఆయన్ని కుర్చీలోనే చేసి చూపించమనండి, చూసింది చూసినట్టు రాయండి. ఎజెక్షన్ కూడా అంతే. హ్యాండిల్ లాగగానే సీటు కింద రాకెట్ పేలి మనిషిని బయటికి విసిరేస్తుంది, ప్రాణం దక్కుతుంది, వెన్నెముక మాత్రం చాలామందికి దెబ్బతింటుంది. కార్గిల్‌లో 1999 మే 27న మిగ్-27 ఇంజిన్ ఆగిపోయి దూకేసి పాకిస్తాన్‌కి చిక్కిన కంభంపాటి నచికేత మన తెలుగువాడే. వారం రోజుల తర్వాత తిరిగొచ్చారు. ఆ దెబ్బల వల్ల ఫైటర్లు వదిలి పెద్ద రవాణా విమానాలు నడిపారు. "బతికి బయటపడ్డాడు" అన్న ఒక్క వాక్యం వెనక ఇంత ఉంటుంది, కాబట్టి మీ పెద్దాయన కూడా ఎజెక్ట్ అయినవారైతే ఆ తర్వాత నడుం నొప్పితో గడిపిన సంవత్సరాల గురించి తప్పకుండా అడగండి.

ఎవరు అడుగుతున్నారన్నది కూడా ముఖ్యం. మనవరాలు అడిగితే ఓపిగ్గా, విడమరిచి, పుల్లలు పేర్చి మరీ చెప్తారు. అదే పాత కోర్స్‌మేట్ ఫోన్‌లో ఉంటే మాట తీరే మారిపోతుంది, పొట్టి మాటలు, తిట్లు, ఎవరెవరో ముద్దుపేర్లు, మనకి సగం అర్థం కాదు కానీ నిజమైన స్క్వాడ్రన్ వాసన అందులోనే ఉంటుంది. రెండూ రికార్డ్ చెయ్యండి. ఒకటి వివరణకి, రెండోది ప్రాణానికి.

ఇంట్లో కూర్చుంటే మాట రాని రోజున బీచ్ రోడ్డుకి తీసుకెళ్లండి. విశాఖకి ఉన్న అదృష్టం ఇది, దేశంలో చాలా ఊళ్లకి లేదు. కురుసుర జలాంతర్గామి ఉంది, దాని ఎదురుగా టీయూ-142 నిఘా విమానం ఉంది, సీ హారియర్ ఫైటర్ కూడా ఉంది. సీ హారియర్లు 1983లో మన నేవీకి వచ్చాయి, 2016లో సెలవు తీసుకున్నాయి, నిలువునా దిగగలిగిన ఆ విమానాన్ని విమానవాహక నౌక విరాట్ డెక్ మీద దింపినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. విమానం పక్కన నిలబెడితే పెద్దాయన చెయ్యి దానంతటదే ఏదో ఒక ప్యానెల్ మీదికి వెళ్తుంది, అక్కడ నుంచి మాట మొదలవుతుంది. జనం రద్దీ లేని వారం మధ్యలో వెళ్లండి, ఎండ తగ్గాక, మోకాళ్లు నొప్పులుంటే మెట్ల దగ్గర తొందరపెట్టకండి. నేవీ పైలట్ అయితే పాత విమానవాహక నౌక విక్రాంత్ గురించి ఇక్కడే అడగండి. ఆవిరి కాటపల్ట్ విసిరితే డెక్ దాటి గాల్లోకి లేవడం, తిరిగొచ్చాక తోక కొక్కెంతో తీగని పట్టుకుని ఆగడం, ఆ డెక్ అటూ ఇటూ ఊగుతుండగా. 1971 డిసెంబర్ 4న విక్రాంత్ నుంచి లేచిన సీ హాక్ ఫైటర్లు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్‌బజార్ మీద దాడి చేశాయి, అక్కణ్నుంచి చిట్టగాంగ్. ఆ రోజుల్లో ఓడ మీద ఉన్న మనిషి ఒక్కడు దొరికినా ఆయన చెప్పే ప్రతి మాటా విలువైనదే.

సరిచూసుకోవడం

జ్ఞాపకం నిజాయితీగానే పొరబడుతుంది, పెద్దాయన అబద్ధం చెప్తున్నారని కాదు. యాభై ఏళ్లలో రెండు సార్టీలు కలిసి ఒకటైపోతాయి, తర్వాత ఎక్కడో చదివింది తాను చూసినట్టే అనిపిస్తుంది. లాగ్‌బుక్ తేదీతో, సైటేషన్‌తో, తోటి పైలట్ మాటతో, వీలైతే అవతలివైపు వాళ్లు రాసిందాంతో పోల్చండి.

తూర్పు పాకిస్తాన్ సరిహద్దులో బొయ్‌రా మీద జరిగిన గగన యుద్ధం ఉదాహరణ చూడండి. 1971 నవంబర్ 22న, అధికారికంగా యుద్ధం ఇంకా మొదలుకాకముందే, మన నాలుగు నాట్ ఫైటర్లు పాకిస్తాన్ సేబర్ ఫైటర్లని అడ్డుకున్నాయి. రాయ్ మాస్సీ, గణపతి, లాజరస్ కాల్పులు జరిపారు, ముగ్గురికీ వీర చక్ర వచ్చింది. మూడు సేబర్లు కూలాయని ఆ రోజు మన వాళ్లు నమ్మారు. రెండింట్లోని పైలట్లు దూకి పట్టుబడ్డారు, వాళ్లలో ఒకరు తర్వాతి కాలంలో పాకిస్తాన్ వాయుసేనకే అధిపతి అయ్యారు. మూడో సేబర్ దెబ్బతిని కూడా ఢాకా చేరుకుందని తర్వాత తెలిసింది. ఇది రాస్తే ఆ ముగ్గురి సాహసం తగ్గిందా? నాకైతే రవ్వంత కూడా తగ్గలేదు. నిజం రాసినవాడి మిగతా మాటలు కూడా పాఠకుడు నమ్ముతాడు, అంతే.

దీనికి ఎదురు ఉదాహరణ దేవయ్యగారిది. 1965 సెప్టెంబర్ 7న సర్గోధా మీద దాడికి వెళ్లిన మిస్టేర్ విమానాల్లో స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య స్టాండ్‌బైగా బయల్దేరి దాడిలో కలిశారు, తిరిగి రాలేదు. ఏం జరిగిందో మన వైపు ఎవరికీ తెలీదు. తనకంటే ఎంతో వేగమైన పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ విమానంతో ఒంటరిగా తలపడి దాన్ని కూల్చారన్న సంగతి ఏళ్ల తర్వాత అవతలివైపు కథనాల ద్వారా బయటికొచ్చింది. 1988లో, అంటే 23 ఏళ్ల తర్వాత, ఆయనకి మహావీర చక్ర ప్రకటించారు. శత్రువు వైపు కాగితం చదవకపోతే ఆ పతకమే లేదు. అందుకే పాకిస్తాన్ వాళ్లు రాసింది చదవడానికి మీ పెద్దాయన చిరాకు పడినా మీరు చదవండి.

మన ఊరి కథే తీసుకుంటే ఘాజీ ఉంది. విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ తీరం దగ్గర మునిగిపోయింది, విక్రాంత్ అప్పుడు అండమాన్ వైపు ఉంది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలకి మునిగిందని మన నేవీ చెప్తుంది, లోపల జరిగిన ప్రమాదమో తన సొంత మైనో కారణమని పాకిస్తాన్ చెప్తుంది. బీచ్ రోడ్డులో విజయ స్తూపం ముందు పెరిగిన మనం రెండో మాట విననే వినం. పుస్తకంలో ఈ రాత్రి ప్రస్తావన వస్తే ఆయన ఆ రోజు ఎక్కడున్నారు, ఏం విన్నారు అన్నంతవరకే ఆయన గొంతుతో రాయండి, కారణం దగ్గర రెండు వాదనలూ ఉన్నాయని ఒక్క వాక్యం వెయ్యండి.

చిన్న వివరాలని తేలిగ్గా తీసుకోవద్దని చెప్పడానికి ఇంకొకటి. 1972 ఆగస్టులో రావల్పిండి యుద్ధఖైదీల శిబిరం గోడకి కన్నం పెట్టి ముగ్గురు మన పైలట్లు, పరుల్కర్, గ్రేవాల్, హరీశ్ సిన్హ్‌జీ, తప్పించుకున్నారు. అఫ్గాన్ సరిహద్దుకి చాలా దగ్గరగా లండీ కోతల్ దాకా చేరారు. అక్కడ లండీ ఖానాకి దారి అడిగారు, పాత మ్యాపులో ఉన్న రైల్వే స్టేషన్ పేరు అది, ఆ స్టేషన్ 1932లోనే మూతపడింది. అడిగిన ఆ ఒక్క మాటకి అనుమానం వచ్చి పట్టుకున్నారు. అంత పెద్ద సాహసం ఒక పాత స్టేషన్ పేరు దగ్గర ఆగిపోయింది, అందుకే మీ పెద్దాయన "ఆ పేరెందుకులే" అన్నా ఊరి పేరు రాయించుకోండి.

రాయకూడనివి

అధికార రహస్యాల చట్టం, 1923 నాటిది, రిటైరైన తర్వాత కూడా వర్తిస్తుంది. ఇప్పటికీ వాడుకలో ఉన్న ఆయుధాల సెట్టింగులు, రేడియో రాడార్ వివరాలు, ఇప్పటి స్థావరాల లోపలి ఏర్పాట్లు, ఇప్పటి వ్యూహాలు, వీటి జోలికి వెళ్లొద్దు. పాఠకుడికి అవి అక్కర్లేదు కూడా. రాతప్రతిని అచ్చుకి ముందు ఆయన పనిచేసిన దళం హెడ్‌క్వార్టర్స్‌కి పంపి అనుమతి తీసుకోండి, టైం పడుతుంది, ఆవిష్కరణ తేదీ వేసి హాలు బుక్ చేశాక పంపితే టెన్షన్ మీకే. పాత యుద్ధాల రికార్డులు మామూలుగా 25 ఏళ్లకి బయటపెట్టాలని రక్షణ శాఖ 2021లో విధానం తెచ్చింది, కాబట్టి 1965, 1971 గురించి రాయడానికి వెసులుబాటు ఎక్కువ. అనుమానం ఉన్న పేరా కనబడితే ఆయన్నే అడగండి, ఏది చెప్పొచ్చో ఏది చెప్పకూడదో ఆ మనుషులకి ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. ఫొటోల కోసం నేవీ ప్రాంతాల చుట్టూ కెమెరా పట్టుకుని తిరగొద్దు, ఆయన సొంత ఆల్బమ్ సరిపోతుంది.

ఇంకో రకం జాగ్రత్త ఉంది, దాన్ని ఏ చట్టమూ చెప్పదు. ఫైటర్ స్క్వాడ్రన్‌లో పనిచేసిన ఎవరి జీవితంలోనైనా తిరిగిరాని స్నేహితులుంటారు, యుద్ధంలో పోయినవాళ్లకంటే మామూలు రోజున ట్రైనింగ్‌లో పోయినవాళ్లు ఎక్కువే ఉండొచ్చు. ఆ అధ్యాయం అచ్చవ్వకముందే ఆ కుటుంబానికి పంపండి. కొడుకు ఎలా పోయాడన్నది ఒక తల్లి, ఒక భార్య పుస్తకం ద్వారా తెలుసుకోకూడదు. తప్పు ఎవరిదన్న చర్చ వస్తే ఎంక్వైరీ తేల్చినదానికి మించి ఒక్క అడుగు కూడా వెయ్యకండి. చెప్తూ చెప్తూ ఆయన ఆగిపోతే రికార్డర్ ఆపి మంచినీళ్లివ్వండి, "ఫర్వాలేదు చెప్పండి" అని నెట్టకండి. ఆ రోజుకి అక్కడితో చాలు.

ఆమె కథ

దీనికి వేరే శీర్షిక పెట్టాను, ఎందుకంటే అందరూ దీన్ని చివరి పేజీలో "నా అర్ధాంగి సహకారానికి కృతజ్ఞతలు" అని ముగించేస్తారు. ఆమెని వేరుగా కూర్చోబెట్టండి, ఆయన పక్కన లేనప్పుడు. పక్కనుంటే ఆయనే అందుకుంటారు. రెండు మూడేళ్లకోసారి నల్ల ట్రంకు పెట్టెల్లో ఇల్లు సర్దడం, తెలుగు అక్షరం లేని ఊళ్లలో పిల్లలకి తెలుగు నేర్పడం, ఆయన ఎగిరే రోజు పొద్దున ఇంట్లో గొడవ పడకూడదని తనంతట తానే పెట్టుకున్న నియమం, స్టేషన్లో జీపు ఏ క్వార్టర్ ముందు ఆగుతుందోనని కిటికీలోంచి చూసిన సాయంత్రాలు. ఆమెకి తేదీలు ఆయనకంటే బాగా గుర్తుంటాయి, పిల్లల పుట్టినరోజులతో లెక్కేసి చెప్తుంది. ఉత్తరాలు దాచి ఉంటే ఇంకేం కావాలి, అవి లాగ్‌బుక్‌కి రెండో సగం. ఆమె గొంతుతో కనీసం రెండు అధ్యాయాలు పెట్టండి.

భాష, అచ్చు

జీవితమంతా ఇంగ్లీషులో, హిందీలో గడిపిన మనిషికి తెలుగు మాత్రం వదిలి వచ్చిన ఊరి తెలుగుగానే మిగిలిపోయి ఉంటుంది. చీపురుపల్లి పక్క ఊరివాడైతే ఆ యాసే వస్తుంది. దాన్ని పేపర్ తెలుగులోకి దిద్దకండి. సంభాషణలు ఉన్నవి ఉన్నట్టు ఉంచి, నడిపే వాక్యం మాత్రం అందరికీ అర్థమయ్యేలా రాయండి. కాక్‌పిట్, రన్‌వే, స్క్వాడ్రన్, సార్టీ, మిస్సైల్, ఇవి అలాగే ఉంచొచ్చు, వీటికి కొత్త తెలుగు మాటలు పుట్టిస్తే ఆయన కూడా గుర్తుపట్టరు. పాఠకుడికి కొత్తదైన మాట మొదటిసారి వచ్చినప్పుడు ఆ వస్తువు ఏం చేస్తుందో ఒక్క వాక్యంలో చెప్పేస్తే చాలు.

వరస విషయంలో నా సలహా, పుట్టుకతో మొదలుపెట్టి రిటైర్మెంట్ దాకా సాగదీయనక్కర్లేదు, కానీ యుద్ధాన్ని మధ్యలోకి రానివ్వండి, ముందు పేజీల్లో మనిషి తెలియాలి. రిటైరయ్యాక ఏం చేశారో కూడా రాయండి. నలభై అయిదు, యాభై ఏళ్లకి యూనిఫాం వదిలేసి బ్యాంకు క్యూలో నిలబడటం చిన్న సంగతి కాదు.

అచ్చు దగ్గర తెలుగు పుస్తకాలకి ఉన్న చిక్కు ఫాంట్లది. మీరు యూనికోడ్‌లో టైపు చేస్తారు, డీటీపీ వాళ్లు చాలామంది యూనికోడ్ కాని అను ఫాంట్లలోకి మారుస్తారు, మార్చినప్పుడు ఒత్తులు, అరసున్నలు, పేర్లు చెడతాయి. "స్క్వాడ్రన్" లాంటి మాటలో మూడు చోట్ల విరుగుతుంది. కాబట్టి మార్చిన తర్వాత ప్రూఫ్ మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే, ముందు చదివింది లెక్కలోకి రాదు. విమానాల పేర్లు, మనుషుల పేర్లు, ర్యాంకులు ఒక కాగితం మీద రాసుకుని పుస్తకమంతా ఒకేలా ఉన్నాయో లేదో చూడండి, ఎందుకంటే ఫ్లయింగ్ ఆఫీసర్‌గా ఉన్న రోజుల కథలో ఆయన్ని గ్రూప్ కెప్టెన్ అని రాస్తే తెలిసినవాళ్లకి కంట్లో నలుసులా ఉంటుంది. మామూలు 1/8 డెమ్మీ సైజు చాలు. ఫారానికి, అంటే ఒకేసారి అచ్చయ్యే పెద్ద కాగితానికి, 16 పేజీలు కాబట్టి మొత్తం పేజీలు 16 గుణకంలో ఉండేలా చూసుకుంటే ఖాళీ పేజీలు మిగలవు. ఫొటోలన్నీ ఒకచోట మంచి కాగితం మీద వెయ్యండి, ప్రతి ఫొటో కింద ఉన్నవాళ్ల పేర్లు ఎడమ నుంచి కుడికి, ఏ ఊరు, ఏ సంవత్సరం. ఆయన ఉండగానే ఈ పేర్లు రాయించుకోవాలి, ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు.

పుస్తకాన్ని గుర్తుపట్టడానికి వేసే ఐఎస్‌బీఎన్ నంబరుకి డబ్బు కట్టనక్కర్లేదు, ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెడితే ఇస్తారు. ఎవరైనా దీనికి పెద్ద మొత్తం అడిగితే ఇవ్వొద్దు. పుస్తకం వచ్చాక 1954 చట్టం ప్రకారం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరాకి, ముంబై సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి కాపీలు పంపాలి. వాటితో పాటు ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీకి, ఆయన చదివిన ఊరి స్కూలుకి, ఆయన స్క్వాడ్రన్‌కి ఒక్కొక్కటి పంపండి. లాగ్‌బుక్ అసలుని మాత్రం ఎవరికీ ఇవ్వకండి, ఆవిష్కరణ సభలో టేబుల్ మీద ప్రదర్శనకి కూడా జెరాక్స్ పెట్టండి.